జూన్ 30 లోపు వల దించేవాళ్ళకు

అలిపిరి నుంచి చంద్రగిరి మీదుగా పోయినా, పుత్తూరు దారి పట్టినా, రామచంద్రాపురం వైపు తిరిగినా మే నెల సగానికల్లా చెరువులన్నీ ఒకే తీరుగా కనిపిస్తాయి. కట్ట వారగా, తూము దగ్గర లోతున్న చోట మాత్రమే నీళ్ళుంటాయి. మిగతాదంతా పగుళ్ళిచ్చిన ఒండ్రు, తుమ్మచెట్లు, మేసే గొర్రెలు. ఆ మిగిలిన కాసిన్ని నీళ్ళలోనే ఏడాది పెట్టుబడి ఈదుతూ ఉంటుంది. చెరువు గుత్తకు తీసుకున్నవాళ్ళు, మత్స్యకార సంఘం తరఫున వల వేసేవాళ్ళు, కూలికి వల లాగేవాళ్ళు, ఐసు పెట్టె కట్టుకుని మోటారు సైకిలు మీద ఊరూరా తిరిగి అమ్మేవాళ్ళు, అందరికీ ఏడాది సంపాదన తేలేది ఈ నెలన్నరలోనే. వాళ్ళకు పనికొచ్చే సంగతులు కొన్ని చెబుతాను.

మన ప్రాంతానికి ఒక చిక్కు ఉంది. తెలంగాణ చెరువులు చాలావరకు నైరుతి వానలకే నిండుతాయి. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల చెరువులు బాగా నిండేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవనాల వానలకు, తుపాన్లకు. చేపపిల్ల వదిలేదీ అప్పుడే. గుత్త మాత్రం చాలా చోట్ల ఫసలీ ఏడాది లెక్కన జులై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. కాగితం మీద 12 నెలలున్నా, చేప పెరగడానికి దొరికేది ఆరేడు నెలలే. అందుకే ప్రతి ఒక్కరికీ ఒకటే ఆశ: ఇంకో పది రోజులు ఆగితే ఇంకాస్త తూకం వస్తుంది కదా అని. ఈ ప్రాంతంలో చేపలవాళ్ళు దెబ్బతినేది ఎక్కువగా ఆ పది రోజుల్లోనే అని నా గట్టి నమ్మకం. గుత్త గడువు జూన్ 30 అయినా, నీటి గడువు అంతకంటే ముందే తీరిపోతుంది. మనం చూసుకోవలసింది నీటి గడువును.

చేపకు గాలి కావాలి. ఆ గాలి నీళ్ళలో కరిగి ఉండాలి. నీళ్ళు ఎంత వేడెక్కితే అంత తక్కువ ఆక్సిజన్ కరుగుతుంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా కరిగితే, 30 డిగ్రీల దగ్గర అది ఏడున్నరకు, 35 దగ్గర ఏడుకు పడిపోతుంది. ఇదంతా నీళ్ళు తేటగా, గాలి బాగా తగిలే చోట లెక్క. మేత, పేడ, నాచు, బురద ఉన్న చెరువులో అంతకూడా ఉండదు. కట్ల, రోహు, మృగాల లాంటివి చురుగ్గా మేసి పెరగాలంటే లీటరుకు నాలుగైదు మిల్లీగ్రాములైనా ఉండాలి. పైగా నీళ్ళు వేడెక్కేకొద్దీ చేప ఒంట్లో పని పెరుగుతుంది, దానికి కావలసిన ఆక్సిజన్ కూడా పెరుగుతుంది. ఒక పక్క అవసరం పెరుగుతూ, ఇంకో పక్క సరఫరా తగ్గుతూ పోతుంది. దీనికి తోడు చెరువు కుంచించుకుపోవడం వల్ల పది ఎకరాల్లో తిరిగిన చేప రెండెకరాల్లోకి వచ్చి పడుతుంది.

ఇందులో పగటికీ రాత్రికీ చాలా తేడా ఉంది. పగలు నీళ్ళలోని పచ్చని నాచు ఎండ సాయంతో ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి అదే నాచు చేపతో పోటీపడి ఆక్సిజన్ తీసుకుంటుంది. అందువల్ల తెల్లవారుజామున నాలుగింటికీ ఆరింటికీ మధ్య చెరువులో ఆక్సిజన్ అడుగంటుతుంది. మధ్యాహ్నం వచ్చి కట్ట మీద నిలబడి ‘చేప బాగానే ఉంది’ అనుకుని పోయేవాళ్ళకు అసలు సంగతి తెలియదు. చెరువును చూడవలసిన వేళ తొలికోడి కూసే వేళ.

చేప ఇబ్బందిలో ఉంటే మొదట కట్ల చెబుతుంది. అది పై నీళ్ళలో మేసే చేప. తెల్లారకముందే కట్ట వారగా వచ్చి, తల పైకెత్తి, నోరు నీటి అంచుకు ఆనించి తెరుస్తూ మూస్తూ ఉంటుంది. పక్కన చిన్న బుడగలు. రాయి విసిరితే మామూలుగా అయితే చటుక్కున లోపలికి పోవాలి. అలా పోకుండా బద్ధకంగా ఒక మూర దూరం జరిగి మళ్ళీ అక్కడే తేలిందంటే పరిస్థితి చెయ్యి దాటుతోందని అర్థం. తర్వాత రోహు, ఆ తర్వాత అడుగున మేసే మృగాల, బంగారుతీగ పైకి వస్తాయి. అడుగు చేప కూడా పైకి వచ్చేసిందంటే ఇక గంటల లెక్కే. కొర్రమీను, మార్పు, ఇంగిలాయి నేరుగా గాలి పీల్చగలవు కాబట్టి అవి బాగానే ఉన్నాయని ధైర్యపడకూడదు. అవి బురదలో కూడా బతుకుతాయి.

ఇలాంటి వేళ కట్ట మీద జరిగే మాటలు దాదాపు ఒకే రకంగా ఉంటాయి.

“ఏమప్పా, చేప తేలిందంట?”

“తెల్లారేసరికి తేలింది మామా. ఎండెక్కినాక మళ్ళీ దిగింది.”

“నిన్న మేత వేసినావా?”

“వేసినా. సాయంత్రం తవుడూ చెక్కా కలిపి బస్తా వేసినా. ఆకలికి పైకొచ్చిందేమో అనుకుంటా ఉండా.”

“ఆకలికి కాదు నాయనా, ఊపిరికి. ఈ పూట మేత ఆపు. రేపటికి వల మాట్లాడు.”

ఆ మామ చెప్పిన రెండు పనులూ సరైనవే. ముందు మేత ఆపాలి. తినని మేత అడుగున కుళ్ళి ఉన్న ఆక్సిజన్‌ను కూడా లాగేస్తుంది. తిన్న మేతను అరిగించుకోవడానికి కూడా చేపకు ఎక్కువ ఆక్సిజన్ కావాలి. పేడ, కోళ్ళ ఎరువు లాంటివి మే నెలలో చెరువులో పడనే కూడదు. తర్వాత నీళ్ళు కదిలించాలి. దగ్గర్లో బోరు ఉంటే కొత్త నీళ్ళు వదలడం అన్నిటికంటే మంచిది. బోరు నీళ్ళలో కూడా ఆక్సిజన్ తక్కువే ఉంటుంది కాబట్టి గొట్టాన్ని నేరుగా నీళ్ళలో ముంచకుండా, ఎత్తు నుంచి బండ మీదనో రేకు మీదనో పడి చిమ్మేలా పెట్టాలి. బోరు లేకపోతే డీజిల్ ఇంజనుతో చెరువు నీళ్ళనే తోడి మళ్ళీ చెరువులోకే జల్లుగా కొట్టాలి. సక్షన్ గొట్టం అడుగు బురదకు తగలకుండా పై నీళ్ళలోనే తేలేటట్టు ఖాళీ క్యానుకు కట్టాలి. అడుగు నీళ్ళను లాగితే అక్కడి చెడు వాయువులన్నీ పైకి వస్తాయి. ఇంజను ఆడించవలసింది అర్ధరాత్రి దాటాక రెండింటి నుంచి సూర్యోదయం దాకా. మిట్టమధ్యాహ్నం ఆడించి డీజిల్ కాల్చడం వృథా.

నీళ్ళు మరీ చిక్కగా పచ్చబడ్డాయో లేదో చూడటానికి పాతకాలం నుంచి ఉన్న పద్ధతి చాలు. చెయ్యి మోచేతి దాకా నీళ్ళలో నిలువుగా ముంచి అరచేతిని చూడాలి. మోచెయ్యి మునిగే లోతులో అరచెయ్యి మసకమసకగా ఆనుతుంటే నీళ్ళు బాగున్నట్టే. మణికట్టు మునగగానే అరచెయ్యి కనిపించకుండా పోతే నాచు మితిమీరింది. అలాంటి చెరువు పగలు బ్రహ్మాండంగా కనిపించి రాత్రికి రాత్రే కూలిపోతుంది. దుకాణాల్లో అమ్మే పొడులు, గుళికలు ఆపద్ధర్మంగా కాస్త ఊరట ఇవ్వొచ్చేమో గాని నీళ్ళకు బదులు కావు. సున్నం సంగతి కూడా అంతే. పీహెచ్ చూడకుండా మధ్యాహ్నం పూట సున్నం చల్లితే, అప్పటికే పెరిగి ఉన్న పీహెచ్ ఇంకా పెరిగి, నీళ్ళలోని అమ్మోనియా మరింత విషమవుతుంది. పీహెచ్ చూసే కాగితాలు ఖరీదైనవేమీ కావు. ఒక డబ్బా ఇంట్లో పెట్టుకోవాలి.

అందరూ ఎండకే భయపడతారు. నిజానికి ఎండ తర్వాత వచ్చే మొదటి గాలివాన ఇంకా ప్రమాదకరం. రోహిణి కార్తె ఎండలకు పై నీళ్ళు కాగి, అడుగు నీళ్ళు చల్లగా, ఆక్సిజన్ లేకుండా, రెండు పొరలుగా ఉంటాయి. ఒక సాయంత్రం శేషాచలం మీద మబ్బు పట్టి, ఈదురుగాలితో చల్లని వాన ఒక్క గంట కొడితే ఆ పొరలు కలిసిపోతాయి. అడుగున ఉన్న కుళ్ళు నీళ్ళు పైకొస్తాయి. పక్క వంకల నుంచి పేడ, చెత్త కొట్టుకొస్తాయి. మర్నాడు మబ్బుగా ఉంటే నాచు కూడా ఆక్సిజన్ ఇవ్వదు. వాన పడిందని ఊరంతా సంతోషంగా పడుకున్న రాత్రే చెరువులో చేప తెల్లగా తేలుతుంది. అందుకని మేలో గాలివాన సూచన ఉన్న రోజుల్లో మేత వేయకుండా, ఇంజను సిద్ధంగా పెట్టుకుని, ఒక మనిషిని రాత్రి కాపలా ఉంచాలి. చిన్న వాన పడింది కదా, ఇంకో వారం ఆగుదాం అనుకోవడం అన్నిటికంటే పెద్ద తప్పు.

ఇక వల సంగతి. ఒకే రోజు చెరువంతా ఊడ్చేద్దామనే ఆలోచన మానుకోవాలి. ఏప్రిల్ చివర్లోనే ఒక వల లాగి పెద్ద చేపను తీసేస్తే, మిగిలిన చేపకు చోటూ ఊపిరీ దొరుకుతాయి. ఆ చేప త్వరగా పెరుగుతుంది కూడా. మే మధ్యలో రెండో వల, జూన్ మొదటి వారంలో చివరి వల. ఇలా చేస్తే మూడుసార్లు కూలీ ఖర్చు అవుతుందని గుత్తదారులు అంటారు. నిజమే. అయితే జూన్ చివరి వారంలో అన్ని చెరువుల చేపా ఒకేసారి మార్కెట్‌కు వచ్చి ధర పడిపోయినప్పుడు పోయేది ఆ కూలీ కంటే చాలా ఎక్కువ. జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె వస్తుంది. ఆ రోజున చేప తినే ఆనవాయితీ తెలంగాణలో బలంగా ఉంది కాబట్టి ఆ ముందు రోజుల్లో హైదరాబాదుకు సరుకు పంపే వ్యాపారులతో ముందే మాట్లాడి పెట్టుకోవడం మంచిది. చిల్లరగా అమ్మేవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. మన వైపు పెరటాశి నెలలో, అంటే సెప్టెంబరు సగం నుంచి అక్టోబరు సగం దాకా, ఏడుకొండలవాడి శనివారాలు పట్టి చాలా ఇళ్ళల్లో నీసు ముట్టరు. ఆ నెలకు అప్పు తెచ్చి సరుకు దింపుకోకూడదు.

వల లాగేముందు రోజు మేత ఆపేయాలి. కడుపు ఖాళీగా ఉన్న చేప ఎక్కువసేపు నిలవ ఉంటుంది. ధర, తూకం, తరుగు ఎంత తీస్తారు, కాటా ఎవరిది, డబ్బు ఏ రోజు చేతికొస్తుంది అన్నవన్నీ వల నీళ్ళలో పడకముందే తేల్చుకోవాలి. ఎండలో చేప కట్ట మీద పడ్డాక బేరమాడే శక్తి మనకు ఉండదు. ఆ సంగతి దళారికి మనకంటే బాగా తెలుసు. దిగవలసిన వేళ తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలు. ఎనిమిదికల్లా ఆఖరి పెట్టె బండెక్కాలి. తొమ్మిది తర్వాత లాగితే బురద రేగి, వల సంచిలో చిక్కిన చేప అక్కడే చచ్చి మెత్తబడుతుంది. చిన్న చేపను తిరిగి వదిలేదుంటే తడిచేతులతోనే పట్టి, వల ఇంకా నీళ్ళలో ఉండగానే వదలాలి. గట్టు మీద పడేసి ఏరుకుంటూ కూర్చుంటే అది తిరిగి బతకదు.

ఐసు దగ్గర పిసినారితనం పనికిరాదు. మన ఎండలకు కిలో చేపకు కిలో ఐసు లెక్క. అంతకు తగ్గితే చేప చల్లబడేలోపే ఐసు కరిగిపోతుంది. ఐసు గడ్డను సన్నగా కొట్టి, పెట్టె అడుగున ఒక పొర, దాని మీద ఒక వరస చేప, మళ్ళీ ఐసు, మళ్ళీ చేప, చివరికి పైన మందంగా ఐసు వేసి తడి గోనెపట్టా కప్పాలి. పెట్టె అడుగున చిన్న రంధ్రం ఉండి కరిగిన నీళ్ళు బయటికి పోవాలి. ఆ మురికి నీళ్ళలో నానిన చేప పైకి బాగానే కనిపిస్తుంది గాని వాసన పట్టేస్తుంది. ఐసును ముందురోజు సాయంత్రమే చెప్పి ఉంచాలి. మే నెలలో తెల్లవారుజామున పోయి అడిగితే దొరకదు. నిలవ కోసం ఫార్మలిన్ లాంటివి కలపడం తినేవాళ్ళ ప్రాణాలతో చెలగాటం. 2018లో ఆ అనుమానం మీదనే అస్సాం ప్రభుత్వం ఆంధ్ర చేపను కొన్నాళ్ళు ఆపేసింది. ఎక్కడో ఎవరో చేసిన పనికి రాష్ట్రమంతటి రైతుల సరుకు నిలిచిపోయింది.

చేప గురించి ఇంత చెప్పి మనిషి గురించి చెప్పకపోతే అన్యాయం. వల లాగేవాళ్ళు నడుముల్లోతు నీళ్ళలో ఉంటారు కాబట్టి ఎండ తగలదనుకుంటారు. తల మీద ఎండ, కింద గోరువెచ్చని నీళ్ళు, మధ్యలో ఒళ్ళు విరిచే బరువు. చెమట నీళ్ళలో కలిసిపోవడం వల్ల ఎంత పోతోందో తెలియదు. గంటకోసారి గట్టెక్కి ఉప్పు వేసిన మజ్జిగో, గంజో, ఓఆర్ఎస్ నీళ్ళో తాగాలి. తలకు తడి తుండు చుట్టుకోవాలి. ఒకడు తడబడుతూ మాట్లాడుతున్నా, ఒళ్ళు కాలుతున్నా, వాంతి వస్తోందన్నా అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, ఒంటి నిండా నీళ్ళు పోసి విసురుతూ 108కి ఫోన్ చేయాలి. వల లాగే ముందు ఒళ్ళు వెచ్చబడుతుందని మందు తాగే అలవాటు కొన్ని జట్లలో ఉంది. వేసవిలో అది నేరుగా ప్రాణం మీదికి తెస్తుంది. జట్టు పెద్ద దీన్ని కచ్చితంగా ఆపించాలి.

రెండో ప్రమాదం గుంతలు. ఇటుక బట్టీలకో, ఇళ్ళ మెరకలకో చెరువు గర్భంలో జేసీబీలతో మట్టి తవ్వి వదిలేసిన గుంతలు నీళ్ళు తగ్గినా నిండుగానే ఉంటాయి. మోకాలి లోతు అనుకుని అడుగేస్తే నిలువు లోతు. పక్కలు బంకమట్టి కావడంతో పట్టు దొరకదు. స్వర్ణముఖిలో ఇసుక తీసిన మడుగులూ అంతే. నీళ్ళు బాగా తగ్గిన రోజున పగటిపూట ఒక పొడవాటి వెదురుతో చెరువంతా పొడిచి చూసి, గుంతలున్న చోట కర్రలు పాతి ఎర్రగుడ్డ కట్టాలి. ఈత రానివాడిని వల కొస దగ్గర పెట్టకూడదు. గాలి నింపిన పాత లారీ ట్యూబు ఒకటి తాడు కట్టి గట్టు మీద ఉంచాలి.

మూడోది పిడుగు. మే, జూన్ సాయంత్రాల్లో ఉరుము వినబడిందంటే ఆ మబ్బు మనకు అందేంత దూరంలో ఉన్నట్టే. వల సగంలో ఉన్నా వదిలేసి నీళ్ళలోంచి బయటికి రావాలి. కట్ట మీద, తాటిచెట్టు కింద నిలబడకూడదు. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా తిరిగి దిగకూడదు. పిడుగు హెచ్చరికలకు దామిని అనే యాప్ ఉంది. జట్టులో ఒకరి ఫోనులో ఉన్నా చాలు. పలమనేరు, కుప్పం, బంగారుపాళెం వైపు పనిచేసేవాళ్ళకు ఏనుగుల సంగతి చెప్పనక్కర్లేదు. కౌండిన్య అడవిలో నీళ్ళు తగ్గితే అవి సందెవేళ చెరువుకే వస్తాయి. అక్కడ రాత్రి కాపలా కట్ట మీద పడుకుని చేసేది కాదు. అటవీ సిబ్బందికి ముందే చెప్పి, మంచె మీదనో ఊరి అంచున ఉన్న ఇంటి మిద్దె మీదనో ఉండాలి.

అలిపిరి చుట్టూ ఉన్నవాళ్ళు ఎక్కడ పట్టకూడదో కూడా తెలుసుకోవాలి. కొండ మీది తీర్థాలు, పుష్కరిణి, కపిలతీర్థం గుండం దైవసంబంధమైనవి, అక్కడి చేప జోలికి ఎవరూ పోరు. శేషాచలం అడవిలోని సెలయేళ్ళు, మడుగులు శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం పరిధిలోవి. 1989లో ఏర్పడ్డ ఆ ఉద్యానవనంలోకి గాలమో వలో పట్టుకుని పోతే అటవీశాఖ కేసు పెడుతుంది. అదీగాక అలిపిరి నడకదారిలో 2023లో చిరుత దాడి జరిగింది. వేసవిలో అడవిలోని నీటి మడుగు దగ్గరికి మనకంటే ముందు వచ్చేవి జంతువులే. కల్యాణి డ్యాం నీళ్ళు తిరుపతికీ తిరుమలకూ తాగునీళ్ళు; అనుమతి లేకుండా దిగకూడదు. చేపల పెట్టెతో బాడుగకు పోయే ఆటో, వ్యాన్ డ్రైవర్లు ఆ బండినే మర్నాడు కొండకు కట్టేటట్లయితే పెట్టె దింపేసి, బండిని సోడాతో శుభ్రంగా కడుక్కోవాలి. తిరుమల మీదికి మాంసాహారం పోనివ్వరు. అలిపిరి తనిఖీ దగ్గర ఆగిపోతే యాత్రికుల ముందు పోయేది డ్రైవరు మర్యాదే.

మందు కలిపి, తూటా పేల్చి, కరెంటు తీగ ముంచి పట్టేవాళ్ళు వేసవి చివర్లో ఎక్కువవుతారు. నీళ్ళు తక్కువ కాబట్టి పని సులువనిపిస్తుంది. తూటా, విషం 1897 నాటి భారత మత్స్య చట్టంలోనే నేరాలు. కరెంటు తీగ వేసినవాడు అదే నీళ్ళలో పడి పోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. గుత్తదారు ఎవరైనా ఇలాంటివి చూస్తే, మనకెందుకని ఊరుకోకుండా మత్స్యశాఖకో పోలీసులకో చెప్పాలి. విషం పడ్డ నీళ్ళు తాగేది ఊరి పశువులే.

వారానికో సెలవు దొరికే ఉద్యోగులు, కొండ కింద హోటళ్ళలో, సెక్యూరిటీలో రాత్రి డ్యూటీలు చేసేవాళ్ళు గాలం పట్టుకుని చెరువుకు పోవడం మామూలే. వాళ్ళకూ ఈ ఆక్సిజన్ లెక్కే వర్తిస్తుంది. అమెరికాలోని మోంటానాలో ఈకలు, దారాలతో పురుగులా కట్టిన గాలాన్ని విసిరి ట్రౌట్ చేపలను పడతారు. అక్కడ వేసవి చివర్లో నది నీళ్ళు వరసగా మూడు రోజులు సుమారు 23 డిగ్రీలు తాకితే మధ్యాహ్నం 2 నుంచి అర్ధరాత్రి దాకా గాలం వేయడాన్ని ప్రభుత్వమే ఆపేస్తుంది. చలినీళ్ళ చేప కాబట్టి దానికి 23 డిగ్రీలే గండం. మన చేపకు ఇంకా ఓర్పు ఉంది గాని సూత్రం అదే. పొద్దు పొడవకముందు గంట, పొద్దు వాలాక గంట మాత్రమే గాలం వేయాలి. చోటు తూము దగ్గరి లోతు, లేదా చెట్టు నీడ పడే గట్టు. కట్ల, రోహులకు వేరుశనగ చెక్క, తవుడు కలిపిన ముద్ద, జిలేబి చేపకు వానపాము, కొర్రమీనుకు రబ్బరు కప్ప. మొదటి వాన పడ్డ సాయంత్రం పుట్టల్లోంచి ఉసుళ్ళు లేచి దీపాల చుట్టూ ముసురుతాయి కదా, అవి రాలిపడే చోట నీళ్ళు ఉడుకుతున్నట్టు చేప పైకొస్తుంది. బెండు తీసేసి, చిన్న గాలానికి రెండు ఉసుళ్ళు గుచ్చి నీటి అంచున తేలనిస్తే చాలు. ఇక్కడా గుత్తదారును అడిగి, అతను ఒప్పుకుంటేనే. వానలు మొదలయ్యాక కొర్రమీను జంట తమ ఎర్రని పిల్లల గుంపుకు కాపలా కాస్తూ గట్టుకు దగ్గరగా తిరుగుతుంది. అప్పుడు తల్లిని పడితే ఆ పిల్లలన్నీ పక్క చేపల నోట్లోకి పోతాయి. ఆ జంటను వదిలేయాలి.

తడ, సూళ్ళూరుపేట ఇప్పుడు తిరుపతి జిల్లావే కాబట్టి పులికాట్ గురించి రెండు మాటలు. వేసవిలో సముద్రపు ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోతే సరస్సు ఉత్తర భాగం ఎండిపోతుంది, మిగిలిన నీళ్ళలో ఉప్పు పెరుగుతుంది, రొయ్య రాబడి పడిపోతుంది. సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకు 61 రోజుల నిషేధం కూడా అప్పుడే. ఆ రెండు నెలల్లో అక్కడివాళ్ళు చెరువుల్లో వల కూలికి మన వైపు వస్తే జట్లకు మంచి చేతులు దొరుకుతాయి. ఆరణియార్, కండలేరు లాంటి జలాశయాల్లో లైసెన్సు మీద పట్టేవాళ్ళు జులై, ఆగస్టుల్లో చేప గుడ్లు పెట్టే కాలపు విరామాన్ని దృష్టిలో పెట్టుకుని, జూన్ సంపాదనలోంచే ఆ రెండు నెలల ఖర్చు పక్కన పెట్టుకోవాలి.

కాగితాలు కూడా ఈ నెలల్లోనే సరిచూసుకోవాలి. గుత్త కట్టిన రశీదు, ఒప్పందం నకలు, సంఘ సభ్యత్వం, లైసెన్సు ఒక ప్లాస్టిక్ సంచిలో ఉండాలి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద సామూహిక ప్రమాద బీమా ఉంది. మరణానికి, శాశ్వత పూర్తి అంగవైకల్యానికి 5 లక్షలు, శాశ్వత పాక్షిక వైకల్యానికి రెండున్నర లక్షలు, ఆసుపత్రి ఖర్చుకు 25 వేల దాకా ఇస్తారు. ప్రీమియం మనం కట్టనక్కర్లేదు, పేరు నమోదై ఉంటే చాలు. కూలికి వల లాగేవాళ్ళ పేర్లు చాలాసార్లు ఆ జాబితాలో ఉండవు. జట్టు పెద్దలు వాళ్ళ ఆధార్, బ్యాంకు పుస్తకం తీసుకుపోయి మత్స్యశాఖ కార్యాలయంలో దగ్గరుండి నమోదు చేయించాలి. కిసాన్ క్రెడిట్ కార్డు 2018-19 నుంచి చేపల పెంపకందార్లకూ ఇస్తున్నారు. వడ్డీ వ్యాపారి దగ్గర చేపపిల్ల కోసం అప్పు చేసేముందు ఒకసారి బ్యాంకులో అడిగి చూడాలి.

చివరి వల అయ్యాక కొందరు మోటారు పెట్టి మిగిలిన మడుగు కూడా తోడేసి, బురదలోని కొర్రమీను, మార్పులను కూడా ఏరేస్తారు. గుత్త మనదే కావచ్చు. కానీ ఆ మడుగులో ఉన్నది మనం వదిలిన చేప కాదు, చెరువు సొంత విత్తనం. అక్టోబరు దాకా అది బతికితే వచ్చే ఏడాది ఎవరు గుత్త పట్టినా ఊళ్ళో గాలం వేసుకునే పిల్లలకూ, ఊతలతో పట్టుకుని బతికే యానాదులకూ కొంత దొరుకుతుంది. తూము దగ్గరి లోతున్న మడుగును అలాగే వదిలేయమని నా మనవి. ఎండిన ఒండ్రు రైతులకు ఎరువు. పైపొర తీసుకుపొమ్మంటే సంతోషంగా తోలుకుంటారు, చెరువుకూ లోతు వస్తుంది.

చెరువు ఖాళీగా ఉన్న ఈ రోజుల్లోనే మొరవ దగ్గరికి పోయి చూడాలి. చేప కొట్టుకుపోకుండా కట్టిన పాత వలలు, ఇనుప జాలీలు, వాటికి పట్టిన గుర్రపుడెక్క ఎండిపోయి అక్కడే ఉంటాయి. 2021 నవంబరు వరదలో రాయలచెరువు కట్ట కారడం మొదలై కింది ఊళ్ళవాళ్ళను ఖాళీ చేయించిన రోజులు ఈ చుట్టుపక్కల ఎవరూ మరిచిపోలేదు. నిండిన చెరువుకు మొరవ ఒక్కటే దారి. అక్కడ అడ్డంకి ఉంటే నీళ్ళు కట్టను వెతుక్కుంటాయి. జాలీ పెట్టక తప్పదనుకుంటే పెద్ద కన్నుది, ఒక్క మనిషి లాగితే ఊడివచ్చేది పెట్టి, పెద్దవాన రోజున దాన్ని తీసేసే బాధ్యత ఎవరిదో నీరుగంటితో మాట్లాడి తేల్చుకోవాలి. ఇక చేపపిల్ల. మన చెరువుల్లో నీళ్ళుండేది ఆరేడు నెలలే కాబట్టి బియ్యపుగింజంత పిల్లను చవగ్గా వస్తోందని లక్షల్లో తెచ్చి వదిలితే మే నాటికి చేతికొచ్చేది ఏమీ ఉండదు. వేలెడు పొడవున్న పిల్లకు, వీలైతే ఏడాది ముదురు పిల్లకు, జులైలోనే హేచరీలో చెప్పి బయానా ఇచ్చి ఉంచితే నవంబరులో చెరువు నిండిన వారానికే వదలొచ్చు.